ఒకే క్యాబినెట్‌లో నాలుగు డిస్కులు: ఏది ఎక్కడ తగిలించాలి, దేన్ని ముట్టుకోకూడదు

ప్రొద్దుటూరులో ఫోటో స్టూడియో నడుపుతున్న మిత్రులు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. వారి డెస్క్‌టాప్‌లో విండోస్ 10 ఉన్న 256 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్కు) ఒకటి, రోజువారీ పని ఫైళ్లున్న 1 టీబీ హార్డ్ డిస్కు ఒకటి మొదటి నుండీ ఉన్నాయి. చెడిపోయిన పాత సిస్టమ్ నుండి తీసిన 500 జీబీ డిస్కును, కొత్తగా కొన్న 4 టీబీ డిస్కును కూడా ఇప్పుడు అందులోనే బిగించారు. ఆ పాత డిస్కులో విండోస్ 7తో పాటు ఏళ్ల తరబడి తీసిన పెళ్లి ఫోటోలున్నాయట. బిగించిన తరువాత సిస్టమ్ పాత విండోస్ 7తో తెరుచుకోబోయి నీలి తెర చూపించి ఆగిపోతోంది. 500 జీబీ డిస్కు తీసేస్తే విండోస్ 10 వస్తోంది గాని 4 టీబీ డిస్కు ఎక్కడా కనిపించడం లేదు. తీగలు చాలక 1 టీబీ డిస్కును పక్క పోర్టుకు మార్చితే అది కూడా మాయమైంది. తెలిసినవారొకరు బోర్డు పాతబడింది మార్చమన్నారు, మరొకరు డిస్కులన్నిటినీ రెయిడ్ అనే జోడింపు పద్ధతితో కలిపి ఒకే పెద్ద డ్రైవుగా చేసుకోమన్నారు. ఎవరి మాట వినాలి అన్నది వారి ప్రశ్న.

ఆ రెండు సలహాలనూ పక్కన పెట్టండి. మదర్‌బోర్డు మార్చనక్కరలేదు, డిస్కులను కలపనూ కూడదు. నాలుగు డిస్కులూ ఆ క్యాబినెట్‌లోనే నిక్షేపంగా పనిచేస్తాయి. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకు మూడు వేర్వేరు కారణాలున్నాయి, వాటిలో ఏదీ డిస్కు చెడిపోవడం కాదు. మొదటిది బయోస్‌లో, అంటే ఆన్ చేయగానే ముందుగా నడిచే బోర్డు ప్రోగ్రాములో, బూట్ వరుస (ఏ డిస్కు నుండి విండోస్ తెరవాలన్న వరుస) మారిపోవడం. రెండవది కొత్త డిస్కును విండోస్‌లో ఇంకా సిద్ధం చేయకపోవడం. మూడవది, నా అంచనా సరైతే, ఎస్‌ఎస్‌డీ బిగించే ఎం.2 స్లాటుతో దారి పంచుకునే సాటా పోర్టుకు (బోర్డు మీద హార్డ్ డిస్కు తీగ దిగే చోటుకు) తీగ తగిలించడం. అన్నీ కలిపినా ఒక పూట పని.

అయితే పనిలోకి దిగక ముందే ఒక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. 500 జీబీ డిస్కు తగిలించి ఉండగా విండోస్ ‘ఇనిషియలైజ్’ అనో ‘ఫార్మాట్’ అనో అడిగితే, ఏ డిస్కు గురించి అడుగుతోందో రూఢి చేసుకోకుండా ఓకే నొక్కవద్దు. కడప ఏడు రోడ్ల దగ్గర 2003 నుండి నేను ఈ మరమ్మతు పని చేస్తున్నాను. ఫోటోలు పోయాయంటూ నా బల్ల ముందుకు వచ్చినవారిలో డిస్కు చచ్చిపోయి వచ్చినవారికంటే, తొందరలో ఆ ఓకే నొక్కి వచ్చినవారే ఎక్కువ. అందువల్ల నేను పాటించే పద్ధతి ఏమిటంటే, కొత్త డిస్కును సిద్ధం చేసేటప్పుడు పాత డిస్కుల తీగలను అసలు తగిలించను. ఎదురుగా లేని డిస్కును పొరపాటున చెరపడం ఎవరివల్లా కాదు కదా.

కాబట్టి మీరు కూడా ఒక్కొక్కటిగా సాగండి. మొదట ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితో విండోస్ తెరుచుకుంటోందో లేదో చూడండి. తరువాత 4 టీబీ డిస్కు ఒక్కటే తగిలించి దాన్ని సిద్ధం చేయండి. ఆపైన 1 టీబీ, చివరగా 500 జీబీ. ప్రతిసారీ సిస్టమ్ ఆపడం, విప్పడం విసుగుగానే ఉంటుంది. కానీ నాలుగూ ఒకేసారి తగిలించి, ఏదో ఒకటి తేడా చేసినప్పుడు కారణం వెతుక్కుంటూ గడిపే సాయంత్రం కంటే ఇది తక్కువ విసుగు.

క్యాబినెట్ విప్పే ముందు విండోస్‌ను షట్‌డౌన్ చేసి, వెనుక ఎస్‌ఎంపీఎస్ (లోపలికి కరెంటు అందించే డబ్బా) మీద ఉన్న స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, ముందున్న పవర్ బటన్‌ను ఓ పది సెకన్లు నొక్కి ఉంచండి. లోపల మిగిలిన కరెంటు దానితో దిగిపోతుంది. మన వైపు వేసవిలో గాలి బాగా పొడిగా ఉంటుంది కనుక చేతిలో స్థిర విద్యుత్తు చేరుతుంది. బోర్డును, డిస్కు కింది పచ్చని పలకను తాకే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోండి. ఫోటోగ్రాఫరుకు ఈ మాట చెప్పనక్కరలేదనుకుంటాను గాని, నా దగ్గరికి వచ్చేవారిలో తీసేవారు తక్కువ.

సాటా డిస్కుకు తీగలు రెండు. సన్నగా 7 పిన్నులున్నది డేటాకు, వెడల్పుగా 15 పిన్నులున్నది పవర్‌కు. రెండింటి నోరూ ఆంగ్ల ఎల్ అక్షరంలా ఉంటుంది కనుక తిరగేసి పెడితే దిగదు. దిగకపోతే బలం ఉపయోగించకుండా తిప్పి చూడండి, ఎందుకంటే డిస్కు వైపున్న ఆ నల్ల ప్లాస్టిక్ నాలుక విరిగితే డిస్కు బాగున్నా దాన్ని చదవడానికి పెద్ద తంటా అవుతుంది. జంపర్ ఎక్కడ పెట్టాలని ఇప్పటికీ కొందరు పెద్దవారు అడుగుతుంటారు. అది 40 పిన్నుల పట్టీ తీగ ఉన్న ఐడీఈ కాలం నాటి మాట. అప్పుడు ఒకే తీగకు రెండు డిస్కులు వేలాడేవి కనుక ఒకదాన్ని మాస్టర్‌గా, రెండవదాన్ని స్లేవ్‌గా జంపర్‌తో చెప్పవలసి వచ్చేది. సాటాలో ఒక తీగకు ఒకే డిస్కు కనుక ఆ లెక్కే లేదు. డేటా తీగ పొడవు ఒక మీటరు దాటకూడదు. పదునుగా మడిచి రబ్బరు బ్యాండుతో కట్టేయనూ కూడదు.

డేటా తీగ గురించి ఒక అనుభవం చెబుతాను. ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ యూనిట్ ఒకదాని ఆఫీసు నుండి ఒక సిస్టమ్ వచ్చింది. తెరిస్తే లోపలంతా గోధుమపిండి చల్లినట్టు తెల్లని రాతి పొడి. రెండవ డిస్కులోకి ఫైళ్లు కాపీ చేస్తుంటే సగంలో నిలిచిపోతోందని, డిస్కు పోయిందని మరొక చోట తేల్చి చెప్పారట. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో చూస్తే డిస్కు ఆరోగ్యం చెప్పే 05, సీ5, సీ6 వరుసలు మూడూ సున్నా మీద ఉన్నాయి. సీ7 వరుస మాత్రం వేలల్లో ఉంది. ఆ సీ7 అనేది డిస్కుకూ బోర్డుకూ మధ్య తీగలో పాడైన సమాచారాన్ని లెక్కించే వరుస. డిస్కుకు ఏ లోపమూ లేదు, తీగ చివర పొడి చేరి పట్టు వదులైంది. కొత్త తీగ వేసి, పోర్టు శుభ్రం చేశాక ఆ లెక్క పెరగడం ఆగిపోయింది. ఆ అంకె తిరిగి సున్నా కాదు, పెరగకుండా ఉంటే చాలు. డిస్కు కనిపించి కనిపించకుండా పోతున్నా, కాపీ మధ్యలో ఆగుతున్నా మొదట తీగ మార్చండి, తరువాత పోర్టు మార్చండి, ఆ తరువాతే డిస్కును అనుమానించండి.

ఇక పవర్ తీగ విషయం. దీనిని చాలామంది పట్టించుకోరు గాని, డిస్కులు నిజంగా కాలిపోయేది ఇక్కడే. 3.5 అంగుళాల హార్డ్ డిస్కు తిరుగుతున్నప్పుడు 5 నుండి 8 వాట్లతో సరిపెట్టుకున్నా, ఆన్ చేసిన క్షణంలో పళ్లేన్ని తిప్పడానికి 12 వోల్టుల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. మూడు డిస్కులు ఒకేసారి లేస్తాయి కనుక ఆ క్షణంలో 70 వాట్లు దాటుతుందన్నమాట. మంచి 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు ఇది భారం కాదు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని రాసి ఉన్నంత మాత్రాన అది 450 ఇస్తుందని నేను నమ్మను. మీ సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంటే ఆ ఎస్‌ఎంపీఎస్ బరువు తూచి చూడండి. చేతిలో బొమ్మలా తేలికగా ఉంటే, డిస్కులు చేర్చే ముందు దాన్నే మార్చండి.

పవర్ కొనలు చాలకపోతే స్ప్లిట్టర్ వాడవచ్చు. కానీ ఒక సాటా పవర్ కొనను నాలుగుగా చీల్చేది కొనవద్దు. సాటా పవర్ కొన ప్రతి వోల్టేజీకి 4.5 ఆంపియర్లకు మించి మోయదు, మూడు డిస్కులు ఒకేసారి లేస్తే 6 ఆంపియర్లవుతుంది. ఖాళీగా ఉన్న మోలెక్స్ కొన నుండి, అంటే నాలుగు లావు పిన్నులున్న పాత తెల్ల కొన నుండి, రెండు సాటా కొనలు తీసేది మేలు. అందులోనూ తీగల మీద ప్లాస్టిక్‌ను కరిగించి పోసినట్టుండే అచ్చు రకం వద్దు. లోపల తీగలు దగ్గరగా జరిగి, ఒకదానికొకటి తగిలి కాలినవి నేనే చూశాను. ప్రతి తీగా విడిగా కనిపించి, వెనుక మూత తెరుచుకునే రకం తీసుకోండి.

తీగలు ఊడివచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ ఉన్నవారు, ఒకదాని తీగలను మరొకదానికి ఎన్నడూ తగిలించకూడదు. డిస్కు వైపు కొన అన్నిటికీ ఒకటే అయినా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం ఏదీ లేదు. రూపం ఒకటే కనుక చక్కగా దిగుతుంది, 5 వోల్టులు వెళ్లవలసిన చోటికి 12 వోల్టులు వెళతాయి. ఇంజనీరింగు చదివే అబ్బాయి ఒకడు, క్యాబినెట్ వెనుక నుండి తీగలు లాగడం కష్టమని పాతవాటిని అలాగే ఉంచి ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం మార్చాడు. స్విచ్ వేయగానే రెండు డిస్కుల నుండీ సన్నగా పొగ లేచిందట. ఒక డిస్కులో కాపు కాసే చిన్న డయోడు మాత్రమే కాలింది, దాన్ని తీసేస్తే ఫైళ్లు చేతికి వచ్చాయి. రెండవదానిలో పలక మొత్తం పోయింది. వాళ్ల నాన్నగారి దుకాణం లెక్కలు ఆ రెండవదానిలోనే ఉన్నాయి.

ఇప్పుడు మీ 1 టీబీ డిస్కు మాయమవడం సంగతి. ప్రాసెసర్ నుండి, చిప్‌సెట్ నుండి బోర్డు మీదికి వచ్చే దారులు పరిమితంగా ఉంటాయి. అందువల్ల చాలా బోర్డుల తయారీదారులు ఎం.2 స్లాటుకూ ఒకటి రెండు సాటా పోర్టులకూ ఒకే దారిని పంచుతారు. స్లాటులో ఎస్‌ఎస్‌డీ ఉంటే ఆ పోర్టు నిద్రపోతుంది. అక్కడ ఏ డిస్కు తగిలించినా బయోస్‌కే కనిపించదు, ఇక విండోస్‌కు ఎలా కనిపిస్తుంది? ఏ పోర్టు ఆగుతుందన్నది బోర్డును బట్టి మారుతుంది. కొన్నిటిలో స్లాటులో ఉన్నది ఎన్‌వీఎంఈ రకమా, సాటా రకమా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. బోర్డు మధ్యలో పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉన్న మోడల్ పేరుతో తయారీదారు సైటు నుండి మాన్యువల్ దించుకుని, స్టోరేజ్ అన్న పేజీలో పట్టిక చూడండి. మాన్యువల్ చదివే ఓపిక లేకపోతే ఆ 1 టీబీని మునుపున్న పోర్టుకే తిరిగి తగిలించి, కొత్తదాన్ని మిగిలిన పోర్టులలో ఒక్కొక్కదానికి మార్చి చూడండి. ‘మీ బోర్డు పాతబడింది’ అన్నవారు బహుశా ఇక్కడే పొరబడ్డారు. వేగం కోసం పోర్టు ఎంచుకోవలసిన పని కూడా లేదు. సాటా మూడవ తరం పోర్టు సెకనుకు దాదాపు 600 ఎంబీ మోస్తుంది, హార్డ్ డిస్కు 200 దగ్గరే అలసిపోతుంది.

తరువాత బయోస్. ఆన్ చేయగానే డిలీట్ మీటగాని ఎఫ్2 గాని వరుసగా నొక్కుతూ ఉంటే తెరుచుకుంటుంది. అక్కడ రెండే పనులున్నాయి. మొదటిది, తగిలించిన డిస్కుల పేర్లన్నీ జాబితాలో ఉన్నాయేమో చూడటం. అక్కడ పేరు లేకపోతే తప్పు తీగలోనో, పోర్టులోనో, పవర్‌లోనో ఉంది. పేరు ఉండీ విండోస్‌లో కనిపించకపోతే పని విండోస్‌లో ఉంది. ఈ ఒక్క తేడా తెలుసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. రెండవది బూట్ వరుసలో ‘విండోస్ బూట్ మేనేజర్’ అని, పక్కన మీ ఎస్‌ఎస్‌డీ పేరు ఉన్న వరుసను మొదటి స్థానానికి తీసుకురావడం. కొత్త డిస్కు చేరినప్పుడు కొన్ని బోర్డులు ఈ వరుసను తమంతట తామే మార్చేస్తాయి. మీ 500 జీబీ డిస్కులో పాత పద్ధతిలో బూట్ అయ్యే విండోస్ 7 ఉంది కనుక అది ముందుకు వచ్చి కూర్చుంది. వేరే బోర్డు మీద పెరిగిన విండోస్ కావడం వల్ల ఈ బోర్డును గుర్తుపట్టలేక నీలి తెర చూపించింది.

పాత పద్ధతి బూట్‌ను అనుమతించే సీఎస్‌ఎం అన్న అమరికను ఆపేస్తే, ఇకమీదట ఆ డిస్కు ముందుకు రావడమన్నదే ఉండదు. అయితే ఆపే ముందు విండోస్ 10లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిచి బయోస్ మోడ్ ఎదుట ‘యూఈఎఫ్‌ఐ’ (కొత్త పద్ధతి బూట్) అని ఉందో లేదో చూసుకోండి. ‘లెగసీ’ అని ఉంటే దాని జోలికి పోవద్దు, మీ అసలు విండోసే తెరుచుకోదు. అలాగే సాటా మోడ్ అన్నచోట ఏహెచ్‌సీఐ, రెయిడ్ అని కనిపించే అమరికను (డిస్కులతో బోర్డు మాట్లాడే పద్ధతి అది) సరదాకు కూడా మార్చవద్దు.

4 టీబీ డిస్కు కనిపించకపోవడానికి కారణం అన్నిటికంటే చిన్నది. కొత్త డిస్కు గీతలు గీయని నోటుపుస్తకం వంటిది. స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవండి. కింది భాగంలో ‘నాట్ ఇనిషియలైజ్డ్’ అన్న గుర్తుతో, పైన నల్లని పట్టీతో, 3726 జీబీకి దగ్గరి అంకెతో ఒక వరుస కనిపిస్తుంది. అదే మీ డిస్కు. 4 టీబీ అని కొంటే 3726 జీబీ ఏమిటని కంగారుపడకండి. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలోలాగా ఇక్కడ తరుగు ఏమీ పోలేదు.

ఇనిషియలైజ్ చేసేటప్పుడు ఎంబీఆర్, జీపీటీ అని రెండు దారులు చూపిస్తుంది. జీపీటీనే ఎంచుకోండి. ఎంబీఆర్ అన్నది పాత లెక్కల పుస్తకం. 512 బైట్ల గదులకు అది వేసుకోగల నంబర్లు 2 టీబీ దగ్గర అయిపోతాయి, ఆపైన డిస్కు ఉన్నా దానికి చేరుకోలేదు. రాజంపేట నుండి వీడియో ఎడిటింగ్ చేసే ఒకాయన 4 టీబీ డిస్కు తీసుకుని, అంగడివాడు మోసం చేశాడని కోపంగా వచ్చారు. తెరిచి చూస్తే 2048 జీబీ వాడుకలో ఉంది, మిగిలిన 1678 జీబీ నల్లపట్టీతో పడుకుని ఉంది. దాని మీద కుడి క్లిక్ చేస్తే వాల్యూమ్ చేసే వీలు బూడిదరంగులో ఉంది. అంగడివాడి తప్పేమీ లేదు. అప్పటికే ఆ సగంలో ఫైళ్లు నింపి ఉండటంతో, వాటిని మరొక డిస్కులోకి తోడి, తుడిచి, జీపీటీగా మార్చి తిరిగి నింపేసరికి రోజున్నర పట్టింది.

ఇనిషియలైజ్ అయ్యాక నల్లపట్టీ మీద కుడి క్లిక్ చేసి ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ అంటే, అక్షరం, పేరు, ఫార్మాట్ అడుగుతుంది. విండోస్ సొంత ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ చాలు. ‘క్విక్ ఫార్మాట్’ దగ్గర టిక్ తీసేస్తే డిస్కు మొత్తం మీద ఒకసారి రాసి చూస్తుంది. 4 టీబీకి ఏడెనిమిది గంటలు పడుతుంది గాని, కొత్త డిస్కుకు నేను ఎప్పుడూ అలాగే చేస్తాను. రాత్రి మొదలుపెట్టి వదిలేయండి. లోపమున్న డిస్కు అయితే ఆ రాత్రే తెలిసిపోతుంది, వారంటీలో మార్చుకోవచ్చు. నాలుగు పెళ్లిళ్లు అందులోకి చేరాక తెలియడం కంటే అది నయం.

డిస్కుకు అక్షరం ఇచ్చేటప్పుడు కొంచెం ఆలోచించి ఇచ్చి, తరువాత మార్చకుండా ఉండండి. మీ ఆల్బమ్ డిజైన్ ప్రోగ్రాములు, ఎడిటింగ్ ప్రాజెక్టులు ఫోటో ఉన్న దారిని అక్షరంతో సహా గుర్తుపెట్టుకుంటాయి. ఇ అన్నది ఎఫ్ అయితే ఫోటోలు ఉన్నచోటే ఉన్నా ‘ఫైలు దొరకలేదు’ అంటాయి. పేరు కూడా ‘న్యూ వాల్యూమ్’ అని వదిలేయక ‘పాత పెళ్లిళ్లు’, ‘ఈ ఏటి పని’ అని తెలుగులోనే పెట్టుకోండి, విండోస్ తీసుకుంటుంది. అదే పేరు చిన్న కాగితం మీద రాసి డిస్కు పక్క అంచుకు అతికించండి. పైన ఉన్న చిన్న గాలి రంధ్రాన్ని మాత్రం మూయవద్దు, కొన్ని డిస్కుల మీద ఆ మాట రాసే ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికంటే విలువైన 500 జీబీ డిస్కు. పైవన్నీ కుదిరాకే దీన్ని తగిలించండి. ఆన్ చేయగానే ‘డిస్కు తనిఖీ చేయమంటారా’ అని అడిగితే ఏదైనా మీట నొక్కి దాటేయండి. పాత డిస్కు మీద మరమ్మతు రాతలు రాయించడం కాపీ అయ్యేదాకా వద్దు. ముందుగా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5, సీ6 వరుసలు చూడండి. సున్నాలైతే ధైర్యంగా కాపీ చేయండి. అంకెలు ఉంటే ఎంతో ముఖ్యమైన ఫోల్డర్లు ముందు, మిగిలినవి తరువాత. లోపల నుండి టిక్, టిక్ అని లయగా చప్పుడు వస్తే మాత్రం వెంటనే ఆపేయండి, అది ఇంట్లో చేసే పని కాదు. ఫోటోలు పాత విండోస్‌లో ‘యూజర్స్’ ఫోల్డరులో ఉంటే అనుమతి లేదని అంటుంది. ‘కంటిన్యూ’ నొక్కి ఓపిక పట్టండి. వేలాది ఫైళ్ల మీద హక్కులు మార్చడానికి ఒక్కోసారి అరగంట కూడా పడుతుంది, మధ్యలో ఆపకండి.

కాపీ అయ్యాక రెండు వైపులా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, బైట్ల సంఖ్య కలుస్తున్నాయో చూడండి. తరువాత మొదటి పెళ్లి నుండి, మధ్యలో ఒకదాని నుండి, చివరిదాని నుండి కొన్ని ఫోటోలు పూర్తి సైజులో తెరవండి. చిన్న బొమ్మలు బాగా కనిపించినంత మాత్రాన లోపల ఫోటో బాగున్నట్టు కాదు, సగం కింద బూడిదరంగు పట్టీ పడిన ఫైళ్లు నేను చాలా చూశాను. ఇంత చేశాక కూడా ఆ డిస్కును ఫార్మాట్ చేసి వాడుకోమని నేను చెప్పను. అన్నేళ్లు తిరిగిన 500 జీబీ మీకు అక్కరకొచ్చే చోటు కాదు. తీగలు తీసి, అట్టపెట్టెలో పెట్టి, బీరువాలో దాచండి.

డిస్కులన్నిటినీ కలిపేయడం ఎందుకు వద్దన్నానో చెప్పాలి. రెయిడ్ 0 పద్ధతిలో అతి చిన్న డిస్కే అందరికీ కొలత. 500 జీబీ, 1 టీబీ, 4 టీబీ కలిపితే వచ్చేది 5.5 టీబీ కాదు, 1.5 టీబీ మాత్రమే. కలిపేటప్పుడు ఉన్నవన్నీ చెరిగిపోతాయి. ఆ తరువాత మూడింటిలో ఏ ఒక్కటి పోయినా మొత్తం పోతుంది, పైగా వాటిలో ఒకటి ముసలి డిస్కు. డిస్కులను ఒకదాని వెనుక ఒకటిగా కలిపే విండోస్‌లోని స్పాన్‌డ్ వాల్యూమ్ చోటును వృథా చేయదు గాని ‘ఒకటి పోతే అన్నీ’ అన్న గండం దానికీ ఉంది. ఒకే చోట అన్నీ కనిపించాలన్నదే మీ కోరిక అయితే దానికి తేలిక దారి ఉంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అక్షరం మార్చే చోటనే, వాల్యూమ్‌ను ఒక ఖాళీ ఫోల్డరుకు ముడిపెట్టే వీలుంది. ‘ఫోటోలు’ అన్న ఫోల్డరు తెరిస్తే లోపల మరొక డిస్కు తెరుచుకుంటుంది. డిస్కులు విడివిడిగానే ఉంటాయి.

రెండు సమానమైన డిస్కులు కొని రెయిడ్ 1 చేయడం వేరు సంగతి. ఒకటి పోయినా రెండవది అద్దంలా నిలుస్తుంది. అయినా దాన్ని బ్యాకప్ అనుకోకూడదు. పొరపాటున మీరు చెరిపిన ఫోల్డరు అదే క్షణంలో రెండు చోట్లా చెరిగిపోతుంది. వైరసు తాళం వేస్తే రెండింటికీ వేస్తుంది. మీ డబ్బు, మీ ఓపిక లెక్కలోకి తీసుకుంటే నా సలహా ఒక బయటి యూఎస్‌బీ డిస్కు. వారానికొకసారి తగిలించి, కొత్త పెళ్లిళ్లు కాపీ చేసి, తీసి ఇంట్లో పెట్టండి, స్టూడియోలో కాదు. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాలు, ఒకటి మరో చోట అన్న 3-2-1 లెక్క ఫోటోగ్రాఫర్ల మధ్య బాగా వాడుకలో ఉన్నదే.

ఎవరికి ఏ పని అన్నదానికి వస్తే, ఎస్‌ఎస్‌డీలో విండోస్, ప్రోగ్రాములు, ఎడిటింగ్ క్యాష్, ఈ వారం పని ఉంచండి. సాధారణ ఎన్‌వీఎంఈ కూడా హార్డ్ డిస్కుకు పది రెట్లకు తక్కువ కాని వేగంతో చదువుతుంది. అది నిండకుండా నలభై యాభై జీబీ ఎప్పుడూ ఖాళీగా వదలండి. ఆల్బమ్ ముగిసిన పెళ్లి 4 టీబీకి వెళ్లాలి. డెస్క్‌టాప్ తరగతి 4 టీబీ డిస్కులలో చాలావాటిలో ట్రాకులను ఇంటి పెంకుల్లాగా ఒకదాని అంచు మీద మరొకటి వచ్చేటట్టు రాసే ఎస్‌ఎంఆర్ పద్ధతి ఉంటుంది. ఒకసారి రాసి దాచుకోవడానికి అది బాగానే ఉంటుంది. గంటల తరబడి ఎడతెగకుండా రాస్తే వేగం ఒక్కసారిగా పడిపోతుంది. మొదటిసారి నింపేటప్పుడు అలా జరిగితే డిస్కు చెడిందనుకోకండి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక నేడో రేపో మీరు కొత్త విండోస్ వేయించుకుంటారు. ఆ రోజున ఎస్‌ఎస్‌డీ తప్ప మిగిలిన డిస్కులన్నిటి డేటా తీగలూ తీసేయించండి. వేసేవారు తొందరలో ఉంటారు, తీయనక్కరలేదంటారు, మీరు వినకండి. పార్టిషన్లు చెరిపేటప్పుడు వేలు తప్పు వరుస మీద పడే ప్రమాదం ఒకటి. మరొకటి ఇంకా కనిపించనిది. విండోస్‌ను ఎస్‌ఎస్‌డీలో వేసినా, బూట్ ఫైళ్లను అప్పటికే బూట్ పార్టిషన్ ఉన్న పాత డిస్కులో ఒక్కోసారి పెట్టేస్తుంది. ఏడాది తరువాత ఆ పాత డిస్కు తీసేసిన రోజున, బంగారంలాంటి ఎస్‌ఎస్‌డీ ఉండీ సిస్టమ్ తెరుచుకోదు.

బిగింపు సంగతి క్లుప్తంగా. పెద్ద డిస్కుకు లావు మర, చిన్న ఎస్‌ఎస్‌డీకి సన్న మర ఉంటాయి, ఒకదానిది మరొకదానికి ఎక్కించవద్దు. పెద్ద డిస్కుకు నాలుగు స్క్రూలూ వేయండి, అదురుతూ తిరిగే డిస్కు ఎక్కువ కాలం బతకదు. మే నెలలో కడప, ప్రొద్దుటూరు గదుల వేడి మీకు తెలిసిందే. డిస్కుకూ డిస్కుకూ మధ్య డిస్కు బిగించే అర ఒకటి ఖాళీగా వదిలి, ముందు వైపు ఒక ఫ్యాను పెట్టించండి. తయారీదారులు సాధారణంగా 60 డిగ్రీల వరకు ఓర్చుకుంటుందంటారు గాని, నేను 45 దాటితే గాలి దారి చూస్తాను, 50 దాటనివ్వను. యూపీఎస్ బ్యాటరీ కూడా ఒకసారి పరీక్షించండి. ఫైళ్లు రాస్తున్న సమయంలో కరెంటు పోతే పడే దెబ్బ హార్డ్ డిస్కు మీద కంటే అందులోని ఫోల్డర్ల జాబితా మీద ఎక్కువగా పడుతుంది.

మీ బోర్డు మీద అచ్చు వేసిన మోడల్ పేరు, సాటా పోర్టుల పక్కన ఉన్న నంబర్లు కనిపించేటట్టు ఒక ఫోటో, డిస్క్ మేనేజ్‌మెంట్ తెర ఫోటో ఒకటి పెట్టండి. ఏ పోర్టు ఎం.2తో ఆగిపోతోందో మాన్యువల్ చూసి చెబుతాను. అంతవరకు 500 జీబీ డిస్కును విడిగానే ఉంచండి.